నా కోర్సుకు బోణీ

కుళ్ళుకోవడం నాకు బాగా చేతనవును. ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోనిలో దిగేలోపు, కిటికీ పక్క సీటు దొరికినావిడ మీద, ఆమె ఒళ్ళో ఉన్న వేడి ఉగ్గాని పొట్లం మీద, ఆ పొట్లంలో నాకు కనబడకుండా దాగిన బజ్జీ మీద కూడా కుళ్ళుకోగలను. అవన్నీ బస్టాండులో దిగగానే మరిచిపోయేవి. ఈ ఏడు నాకు పట్టుకున్నది అట్లాంటిది కాదు. నాతో పాటు కాలేజీకి వచ్చింది, మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత తీస్తే పక్కనే కూర్చుంది, సాయంత్రం నాతోనే బస్సెక్కి ఇంటికి వచ్చింది. మా ఆయన మొహం చూడగానే కనిపెట్టేశాడు.

"ఎవురి మీదనే ఈసారి?" అన్నాడు.

ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. చెబుతాను అనడానికి ఇప్పుడు కొంచెం ధైర్యం కావాలి. బి.ఏ.లో చేరేవాళ్ళు తగ్గి తగ్గి చివరికి ఆ గ్రూపే లేకుండా పోయింది. మిగిలింది బి.కాం. పిల్లలు, కంప్యూటర్ల పిల్లలు. వాళ్ళు కూడా టర్ముకొక మానవీయ శాస్త్రాల కోర్సో, సామాజిక శాస్త్రాల కోర్సో తీసుకోవాలని నియమం ఉంది కాబట్టి ఆ నియమం చలవ వల్ల నేనూ నా చరిత్రా ఇంకా బతికున్నాం. టర్ము మొదట్లో కోర్సుల పేర్లు నోటీసు బోర్డు మీద అంటిస్తారు. వారం రోజుల్లో పిల్లలు తమకు నచ్చినదాంట్లో పేరు రాయించుకోవాలి. ఆ వారంలో ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. వారం చివర ఇరవై మంది లేని కోర్సు ఆ టర్ముకు నడవదు. కోర్సు పోయిన లెక్చరరుకు పర్యావరణ విద్య అప్పజెబుతారు. పర్యావరణం మీద నాకేమీ పగ లేదు, కానీ చెట్లు నాటవలెను అని టర్మంతా చెప్పే ఓపిక నాకు లేదు.

నా కోర్సు పేరు 'ఆదోని ప్రాంత చరిత్ర'. పాఠ్యాంశాలు నేనే కూర్చుని రాసుకున్నాను, రెండు ఎండాకాలాల సెలవులు దానికే పోయాయి. కోట, కోటను ఏలినవాళ్ళు, వాళ్ళ యుద్ధాలు, వాళ్ళ శాసనాలు, అన్నీ వరుసగా ఉంటాయి. కాలేజీలో మిగిలిన చరిత్ర అదొక్కటే. అది నడవాలి, అంతే. ఈ ఏడు మొదట్లో నాకున్న కోరిక ఇంతకన్నా పెద్దదేమీ కాదు.

ఇంతలో ఆమె వచ్చింది.

ఆమె ఒకప్పుడు నా విద్యార్థినే. కోసిగి దగ్గర పల్లె. వానలు సరిగ్గా పడని నేల. ఇంట్లో ఉన్న కాస్త చేనులో పత్తి వేసి, దీపావళి దాటగానే ఇంటికి తాళం పెట్టి సుగ్గికి పోయే కుటుంబం. సుగ్గి అంటే కోతల కాలమంతా గుంటూరు వైపు పోయి, చేలల్లోనే గుడిసెలు వేసుకుని కూలి చేసుకోవడం. ఉగాదికి మళ్ళీ ఊరు చేరతారు. అట్లాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్ల, నా క్లాసులో ముందు బెంచీలో కూర్చుని, కళ్ళార్పకుండా వినేది. పై చదువుకు హైదరాబాదు పోతానంటే "పో తల్లీ, పో" అని వీపు తట్టి పంపించింది నేనే. పోయింది. సమాజశాస్త్రం ఎం.ఏ. చేసింది. పోయిన జూన్‌లో మా కాలేజీకే లెక్చరరుగా వచ్చింది. మొదటి రోజు స్టాఫ్ రూములో నా కాళ్ళకు దండం పెట్టబోతే, లేపి కౌగిలించుకున్నాను. ఆ రోజు నాకు నిజంగానే సంతోషంగా ఉండింది.

సంతోషం ఎక్కడ చెడిందో కూడా నాకు తెలుసు. టిఫిను డబ్బాల దగ్గర. ఇద్దరం కలిసి తినేవాళ్ళం. ఆమె తెచ్చేది కొర్రన్నం, గోంగూర. నాది ఎప్పుడూ చపాతీలే. ఒక రోజు తింటూ తింటూ, హైదరాబాదులో ఏమేమి చదివావమ్మా అని అడిగాను.

"ఆడ ఒక్కో టర్ముకు ఎన్ని కోర్సులు పెడతారంటే మేడమ్, వాటి పేర్లు సదవడానికే ఒక పూట పట్టేది," అంది. "మనకు యాది కావాలంటే అది ఎత్తుకోవచ్చు. మొదటి రెండు వారాలు యా క్లాసులోనైనా పోయి కూసోవచ్చు. నచ్చకుంటే లేసి రావచ్చు."

"ఎట్లాంటివి? పేర్లు సెప్పు."

"కరువుల చరిత్ర అని ఒకటి ఉండె. అన్నం మీద ఒకటి, ఇంట్లో ఎవురు వండుతారు, ఎవురు ముందు తింటారు అని. పాత ఫొటోలు సూసి చరిత్ర రాసేది ఒకటి. ఊరేగింపుల మీద ఒకటి. కాచుకోవడం మీదైతే ఒక సారు రెండు వారాలు సెప్పినాడు."

"కాచుకోవడమా? ఏందది?"

"కాచుకోవడమే మేడమ్. బస్సుకు, డాక్టరుకు, ఆఫీసులో సంతకానికి. ఎవురు ఎవురి కోసం కాచుకుంటారు అనేది."

"దానికి హైదరాబాదు పోవాల్నా? మన బస్టాండులో కూసుంటే సాలదా?" అన్నాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. కానీ మిగిలిన చపాతీ డబ్బాలోనే ఉంచి మూత పెట్టేశాను.

ఎందుకంటే ఆ హైదరాబాదుకు పోవాలని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. సీటు కూడా వచ్చింది. మా నాయన, "ఆడ ఏముందమ్మా, పుస్తకాలే కదా, పోస్టులో తెప్పిచ్చుకుందాం," అన్నాడు. దూరవిద్యలో కట్టించాడు. పుస్తకాలు పోస్టులో వచ్చాయి. ఇంట్లో మిద్దె మీద కూర్చుని చదివి, పరీక్షలు రాసి, ఎం.ఏ. అయ్యాను. ఏ కోర్సు ఎత్తుకోవాలా అని తేల్చుకోలేక ఒక పూటంతా పేర్లు చదవడం నాకు తెలియదు. నచ్చక క్లాసులోంచి లేచి రావడం కూడా తెలియదు. ఆ తర్వాత చాలా రోజులు ఆమెతో ఆ పేర్లే చెప్పించుకున్నాను. చెప్పిన ప్రతిసారీ కుళ్ళుకునేదాన్ని, మరుసటి రోజు మళ్ళీ అడిగేదాన్ని.

దీపావళి తర్వాతి టర్ముకు ఆమె కూడా సొంత కోర్సు పెట్టింది. 'వలస, శ్రమ, కుటుంబం'. నోటీసు బోర్డు మీద నా కోర్సు పేరు కిందనే అంటించారు. మా రెండింటికీ ఒకటే గంట. అంటే ఇది తీసుకున్న పిల్ల అది తీసుకోలేదు.

అంటించక ముందే పిల్లలు ఆమె చుట్టూ చేరుతున్నారని నాకు తెలుసు. వరండాలో నడిస్తే వెనక నలుగురు. స్కూటీ తీస్తే పక్కన ఇద్దరు. నేను నడిస్తే, పిల్లలు గోడకు ఆనుకుని దారి ఇస్తారు. అది గౌరవం అనుకుంటూ ఇన్నాళ్ళు గడిపాను. ఆమెకెవరూ దారి ఇవ్వరు, కలిసి నడుస్తారు. ఆ తేడా కనిపెట్టిన రోజే నాకు భయం పట్టుకుంది. ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను.

నేను అంగడివాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని. నాకు తోచింది అంగడి ఉపాయమే.

మా నాయనకు మార్కెట్ యార్డు దగ్గర పత్తి కమీషను అంగడి ఉండేది. రైతులు తెచ్చిన పత్తిని వ్యాపారులకు అమ్మించే అంగడి. నేను పుట్టిన ఏడు వ్యాపారం బాగా కలిసొచ్చిందట. అప్పటి నుంచి నాది మంచి చెయ్యి అని పేరు. ఏటా పత్తి సీజను మొదలయ్యే రోజున, మొదటి కాటా వేసే ముందు ఆ మూట మీద నా చెయ్యి పడాలి. ఆ పొద్దు నాకు తలంటి పోసి, పట్టు లంగా కట్టి, జడలో కనకాంబరాలు పెట్టి అంగడికి తీసుకుపోయేవాళ్ళు. కుంకుమ అద్దిన మూట మీద అరచెయ్యి పెట్టేదాన్ని. మా నాయన "వెయ్యండప్పా కాటా!" అని అరిచేవాడు. హమాలీలు మూట ఎత్తేవాళ్ళు, నా నోట్లో బెల్లం ముక్క పెట్టేవాళ్ళు. ఈ కథ నేను ప్రతి ఏడూ మొదటి సంవత్సరం పిల్లలకు చెబుతాను, సంతల గురించి పాఠం వచ్చినప్పుడు. బెల్లం ముక్క దగ్గరికి రాగానే అందరూ నవ్వుతారు. సిలబస్‌లో మాత్రం అది లేదు. చరిత్ర అంటే అంగళ్ళు కాదని నాకు పోస్టులో వచ్చిన పుస్తకాలు చెప్పాయి.

సరే, నా చెయ్యి మంచిదే గానీ నా కోర్సులో నేనే పేరు రాసుకోలేను కదా. మంచి చెయ్యి ఉన్న ఇంకొకరు కావాలి. బి.కాం. రెండో సంవత్సరంలో ఒక పిల్ల ఉంది, బజారులో కిరాణా అంగడివాళ్ళ అమ్మాయి. శుక్రవారం పొద్దున ఆ పిల్ల కాలేజీకి వచ్చే దారిలో అంగళ్ళవాళ్ళు పిలిచి మరీ ఒక అగ్గిపెట్టెనో, ఒక దారపుండనో కొనిపించుకుంటారు. ఆ పిల్ల బోణీ చేస్తే ఆ రోజు గల్లా నిండుతుందని నమ్మకం. పేర్లు రాసుకునే మొదటి రోజు ఆ పిల్లను గేటు దగ్గరే పట్టుకున్నాను.

"అమ్మా, నా కోర్సుకు నువ్వు బోణీ సెయ్యాల," అన్నాను.

ఆ పిల్ల నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. తలెత్తి ఎండ చూసింది. "ఇప్పుడు రాహుకాలం మేడమ్. తొమ్మిది దాటనీండి," అంది. వ్యాపారస్తుల పిల్ల అంటే అట్లుండాలి. తొమ్మిది దాటేదాకా ఇద్దరం వేపచెట్టు కింద నిలబడ్డాం. తర్వాత ఆఫీసు గదిలోకి కుడికాలు పెట్టి పోయి, నా కోర్సులో మొదటి పేరు రాయించింది. తన కోర్సు కాగితాలు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్న నా పాత విద్యార్థిని ఇదంతా చూసింది.

బోణీ ఊరికే పోలేదు. మధ్యాహ్నానికి ఆ పిల్ల స్నేహితురాళ్ళందరూ నా కోర్సులోకి వచ్చేశారు. వాళ్ళను చూసి ఇంకొందరు. సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే, పక్కన నిలబడిన ముసలామెకు ఇచ్చేశాను. అంత గొప్పగా ఉంది నా మనసు.

మూడోరోజు ఆ పిల్ల కోర్సు మార్చుకుంది. ఎందులోకి మార్చుకుందో చెప్పనక్కరలేదు. వరండాలో నిలబెట్టి అడిగాను. గొంతు పెంచకూడదనుకున్నాను గానీ పెరిగింది.

"బోణీ సేసినావు కదమ్మా నువ్వు!"

"సేసినా మేడమ్," అంది, ఏ తప్పూ చేయనట్టు. "బోణీ అడిగితే లేదనకూడదని మా నాయన సెప్తాడు. అందుకే సేసినా. బోణీ సేసినోళ్ళు ఆ అంగట్లోనే కూసోరు కదా మేడమ్."

నా మొహం చూసి ఆ పిల్లే కొంచెం జాలిపడి, మళ్ళీ చెప్పింది. "నిన్న ఆ మేడమ్ క్లాసులో ఊరికే పోయి కూసున్యా. మీ ఇంట్లో కడాకు అన్నం తినేది ఎవురు అని అడిగింది. మా అమ్మ అన్యా. ఎందుకు అని అడిగింది. నాకు తెలీలేదు మేడమ్. ఇంటికి పోయి అమ్మను అడిగినా. అమ్మకూ తెలీలేదు. అది తెలుసుకోవాలని ఉంది."

బోణీ పోయాక గల్లా ఎట్లా ఉంటుందో వ్యాపారస్తులకు తెలుసు. ఆ పిల్ల వెనక వచ్చినవాళ్ళు ఆ పిల్ల వెనకే పోయారు. ఇంటికి పోయి మా ఆయనకు చెప్పాను. ఎమ్మిగనూరులో ఆయనకు గుడ్డల అంగడి. విని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, నీళ్ళు కారేదాకా నవ్వాడు.

"నన్ను ఒక మాట అడిగింటే సెప్పేటోన్ని కదే. బోణీ సేసినోడు మళ్ళీ మన గడప తొక్కకపోయినా మనం ఏమీ అనరాదు. కోర్సుకు ఎవురన్నా బోణీ సేపిస్తారా? నువ్వు సదివిన సదువంతా యాడ పోయిందే?"

ఆ పూట ఆయనకు కూర వడ్డించలేదు. పచ్చడితోనే తిన్నాడు, మధ్యమధ్య నవ్వుకుంటూ.

శుక్రవారానికి నాకు ఇంకా నలుగురు తక్కువ. పక్క గదిలో ఆమె క్లాసుకు బెంచీలు చాలక కిటికీ గట్టు మీద కూర్చుంటున్నారు. మధ్యాహ్నం ఆమె నా దగ్గరికి వచ్చింది. డబ్బా తేలేదు. నిలబడే మాట్లాడింది.

"మేడమ్, నా పిల్లోళ్ళలో కొంతమందికి సెప్తా, మీ కోర్సుకు మార్చుకోమని. నేను సెప్తే ఇంటారు. నాకు రూము గూడా సాల్లేదు."

నా పిల్లోళ్ళు అంది. నేను సెప్తే ఇంటారు అంది. ఆ రెండు మాటలూ మంచి మనసుతోనే అందని నాకు తెలుసు, అందుకే ఇంకా మండింది. ఆమెకు చదువు చెప్పి పంపించినదాన్ని నేను. ఇప్పుడు ఆమె ఎక్కువైన వాళ్ళను నాకు పంపిస్తుందట.

"నీ అంగట్లో మిగిలిన సరుకు నాకొద్దమ్మా," అన్నాను.

ఆమె మొహం చిన్నబోయింది. "సరే మేడమ్," అని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మేమిద్దరం కలిసి తినడం మానేశాం. శనివారం ప్రిన్సిపాల్ సారు పిలిచి, "ఏమనుకోవద్దు మేడమ్, ఈ టర్ముకు పర్యావరణం చూసుకోండి. వచ్చే టర్ముకు కోర్సు కొత్తగా ఏమన్నా మార్చి పెడితే చూద్దాం," అన్నాడు. నోటీసు బోర్డు మీద నా కోర్సు పేరు మీద అడ్డంగా గీత గీశారు. చించేసినా బాగుండేది. టర్మంతా ఆ గీతను చూసుకుంటూ పోవాల్సి వచ్చింది.

నా కోర్సు గంట ఇప్పుడు నాకు ఖాళీ. ఆ గంటలో స్టాఫ్ రూములో నేనొక్కదాన్నే ఉంటాను. స్టాఫ్ రూముకూ ఆమె క్లాసుకూ మధ్య ఉన్నది ప్లైవుడ్ చెక్క. మొదట్లో వినకూడదని చాలా ప్రయత్నించాను. చెట్ల ఉపయోగాల మీద పిల్లలు రాసిన జవాబులు ముందు పెట్టుకుని దిద్దేదాన్ని. తర్వాత కుర్చీ కొంచెం చెక్క వైపు జరిపాను. ఆ తర్వాత జవాబులు తెచ్చుకోవడమే మానేశాను.

బాగా చెబుతుంది. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు గానీ, బాగా చెబుతుంది. తన ఊరి మాటలోనే చెబుతుంది. నేను క్లాసులోకి పోగానే పుస్తకాల మాటలోకి మారిపోతాను. ఆమె చెబుతుంటే పిల్లలు అడ్డం వస్తారు, గొడవ పడతారు, వాళ్ళ ఇళ్ళ సంగతులు చెబుతారు. గోనెగండ్ల పిల్ల ఒకతి, సుగ్గికి పోయిన అమ్మానాన్నల దగ్గరికి పోవాల్నా, ఇక్కడే అవ్వ దగ్గర ఉండి పరీక్షలు రాయాల్నా అని క్లాసులోనే అడిగింది. ఆ ప్రశ్న నా క్లాసులో ఎవరూ ఏనాడూ అడగలేదు. నేను కోటలో ఉన్నాను కదా మరి.

జనవరిలో ఒక రోజు కాచుకోవడం గురించి మొదలుపెట్టింది. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. హైదరాబాదు సారు రెండు వారాలు చెప్పిన పాఠం, నాకు పోస్టులో రాని పాఠం, చెక్క ఇవతల నుంచి నాకు ఊరికే దొరుకుతోంది.

"ఒక సంగతి సెప్తా ఇనండి," అంది. "మా నాయన మీ కన్నా చిన్నోడు అప్పుడు. మా తాతతో కలిసి బండి మీద పత్తి మూటలేసుకోని ఆదోనికి వచ్చినాడు. సీజనుకు మొదటి రోజు. అందరికన్నా ముందొచ్చినారు. బండి తెచ్చి అంగడి ముందర పెట్టినారు. కాటా ఉంది. హమాలీలు ఉండారు. కొనేటోళ్ళు ఉండారు. సావుకారి, కాచుకోండప్పా, అన్నాడు. ఎందుకు కాచుకోవాల?"

"రేటు తగ్గించేదానికి," అంది ఒక గొంతు. "లంచం కోసం," అంది ఇంకొకటి.

"కాదు. సావుకారికి ఒక చిన్న పాప ఉండె. ఆ పాప చెయ్యి పడితే గానీ మొదటి కాటా వెయ్యరు. ఆ పాప ఇంకా నిద్ర లేయలేదు."

క్లాసంతా పకపకా నవ్వింది. చెక్క ఇవతల నేను కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాను.

"నవ్వండి, పర్వాలేదు. మా నాయన గూడా నవ్వుతానే సెప్తాడు. పాప లేసింది. నీళ్ళు పోసినారు. జడ ఆరబెట్టినారు. పూలు పెట్టినారు. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఎద్దులకు నీళ్ళు లేవు. బండి వదిలి పోతే వరస పోతాది. తాత ఎద్దుల దగ్గర, మా నాయన బండి కింద నీడలో. ఇప్పుడు సెప్పండి. ఆ పాప సెడ్డదా?"

"లేదు మేడమ్, చిన్నపిల్ల కదా."

"సావుకారి సెడ్డోడా? మా నాయన అట్ల అనడు. మరి మా నాయనను ఎవురూ కట్టేయలేదే. పక్కన ఇంకో అంగడి ఉండె. ఎందుకు కాచుకున్యాడు? రేపు వచ్చేటప్పుడు ఆలోచన చేసుకోని రాండి."

నేను లేచాను. ముందు వచ్చింది కోపమే. ఆ కథ నాది. ఇరవై ఏళ్ళుగా నేను చెబుతున్న కథ. దాన్ని ఎత్తుకుపోయి, నన్ను అడక్కుండా, నా గోడ పక్కనే చెబుతోంది. వరండాలోకి వచ్చి ఆమె క్లాసు తలుపు మీద చెయ్యి పెట్టాను. తోసుకుని లోపలికి పోయి, ఆ పాపను నేనే అని చెప్పాలనుకున్నాను. చెప్పి, ఏం చెప్పాలి? పూల దగ్గర నుంచి బెల్లం ముక్క దాకా నాకు తెలుసు. బండి సంగతి నాకు తెలియదు. నేను చెయ్యి పెట్టిన మూట ఎవరిదో ఏ ఒక్క ఏడూ చూడలేదు. మూట మీద కుంకుమ ఉందా లేదా అనే చూశాను. నా కథలో సగం ఆమె దగ్గర ఉంది. ఆ సగంలోంచి అంత మంచి ప్రశ్న పుట్టింది. నా సగంలోంచి ఇన్నేళ్ళలో పుట్టింది నవ్వొక్కటే. అప్పుడు కుళ్ళుకున్నంతగా నేను హైదరాబాదు కోర్సుల మీద కూడా కుళ్ళుకోలేదు.

తలుపు మీది నుంచి చెయ్యి తీసేశాను. గంట కొట్టేదాకా బయటే నిలబడ్డాను. వరండాలోకి ఎండ వచ్చింది. దారిన పోయే పిల్లలు గోడకు ఆనుకుని నాకు దారి ఇచ్చారు, నేను ఎక్కడికీ పోవడం లేదని తెలియక.

తలుపు తెరుచుకోగానే ముందుగా బయటికొచ్చింది బోణీ పిల్లే. "మేడమ్, ఎవురి కోసం కాచుకోనుండారు?" అంది.

"మీ మేడమ్ కోసం," అన్నాను.

అందరూ పోయాక ఆమె బోర్డు తుడుస్తూ నన్ను చూసింది. చెక్క ఎంత పలచనో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. డస్టరు కింద పెట్టేసింది.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అన్నాను.

"ఫస్టియరులో మీరు సెప్పిన రోజే మేడమ్. ఇంటికి పోయి నాయనకు సెప్పినా. ఓ, ఆ పాపనా, అన్యాడు."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"మీరు బెల్లం ముక్క దగ్గర ఆపేసినారు. అందరూ నవ్వుతాండ్రి. నేను యాడ సెప్పేది మేడమ్?" డస్టరు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఈ పొద్దు గూడా మీ పేరు సెప్పలేదు," అంది.

"విన్నాలే." అడగాలనుకున్నది ఇంకొకటి ఉంది. "ఆ పొద్దు నేను చెయ్యి పెట్టింది మీ నాయన మూట మీదనేనా? ముందొచ్చింది మీవాళ్ళే కదా."

"తెలీదు మేడమ్. అంత దాకా ఆయన సెప్పలేదు. నేనూ అడగలేదు."

"ఈ ఆదివారం మీ ఊరికి వస్తా. నేనే అడుగుతా."

"లేడు మేడమ్. సుగ్గికి పోయినాడు, మిరపకాయల కోతకు. నేను జీతం తెస్తాండా కదా, వద్దు నాయనా అంటే ఇనడు. ఉగాదికి గానీ రాడు."

"ఫోనులో అడగరాదా?"

"ఫోనులో బాగుండావా అంటాడు, పెట్టేస్తాడు. ఇట్లాంటివి ఎదురుగా కూసుంటేనే సెప్తాడు."

ఆమె డబ్బా తెరిచి నా వైపు జరిపింది. కొర్రన్నమే. చాలా రోజుల తర్వాత ఇద్దరం తిన్నాం. ఆ కోర్సుల పేర్లు మళ్ళీ చెప్పమని నేను అడగలేదు.

వచ్చే టర్ముకు నా కోర్సు మళ్ళీ పెడతానని ప్రిన్సిపాల్ సారుతో చెప్పాను. ఈసారి కోటతో మొదలుపెట్టను. అంగడి ముందు నిలబడిన ఆ బండితో మొదలుపెడతాను. బోణీకి ఎవరినీ పిలవను. ఇరవై మంది వస్తారో రారో తెలియదు, కానీ మొదటి పాఠం ఇదేనని మాత్రం తెలుసు. పాఠ్యాంశాలు కొత్తగా రాద్దామని కూర్చుంటే, మొదటి పాఠం సగం దాకా రాసి ఆగిపోతున్నాను. చెయ్యి ఎవరి మూట మీద పడిందో తెలియాలి. బండి ఎన్నింటికి ఖాళీ అయిందో, వాళ్ళు తిరిగి ఊరికి ఎట్లా పోయారో, పక్క అంగడికి ఎందుకు పోలేదో ఆమె నాయన చెప్పాలి. మా ఆయన రోజూ అడుగుతున్నాడు, అయిందా అని. కాలేదు అంటున్నాను.

ఉగాదికి ఆమె నాయన ఊరు చేరగానే ముందు మాట్లాడేది కూతురితోనే. ఆ సంగతి నాకన్నా ముందు ఆమె వింటుంది. దాని మీద కూడా ఇప్పటి నుంచే కుళ్ళుగా ఉంది. అయినా చేసేదేమీ లేదు. ఆయన ఎక్కడో మిరప చేలో ఉన్నాడు. ఆయన వచ్చేదాకా నా కోర్సు మొదలు కాదు. కాచుకుంటున్నాను.